హైదరాబాద్ మెట్రో కేస్ స్టడీ: 2010లో ప్రైవేటుకి అప్పగించిన రిస్క్ 2025లో మళ్ళీ ఎవరి నెత్తిన పడింది

2025 సెప్టెంబర్ నెలాఖర్లో తెలంగాణ ప్రభుత్వం, మెట్రో కట్టి నడిపిన ఎల్ అండ్ టీ కంపెనీ కూర్చుని ఒక మాట మీదికొచ్చాయి. హైదరాబాద్ మెట్రో మొదటి దశ మొత్తాన్ని ప్రభుత్వమే తీసేసుకుంటుంది, దాని మీదున్న సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వానికి వచ్చేస్తుంది, కంపెనీకి వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద ఇంకో 2,000 కోట్ల దాకా ఇస్తారు. ప్రపంచంలోనే అతిపెద్ద పీపీపీ (ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ భాగస్వామ్యం) మెట్రో అని ఇన్నేళ్లు చెప్పుకున్న ప్రాజెక్ట్, 35 ఏళ్ల ఒప్పందంలో సగం కూడా గడవకముందే ఇలా వెనక్కి వచ్చింది.

నా పని ఇన్‌ఫ్రా కాంట్రాక్టుల లెక్కలు చూడటం. మున్సిపాలిటీలు, ప్రభుత్వ కార్పొరేషన్లు ఏదైనా పీపీపీలో ఇవ్వాలనుకున్నప్పుడు కన్సెషన్ అగ్రిమెంట్ (కంపెనీ కట్టి కొన్నేళ్లు నడుపుకునే ఒప్పందం) మొత్తం చదివి, ఫైనాన్షియల్ మోడల్ తిప్పి తిప్పి చూసి, ఎప్పుడు ఎవరి మీద ఎంత భారం పడుతుందో రాసిస్తుంటాను. హైదరాబాద్ మెట్రో ఫైల్ మీద నేనెప్పుడూ పని చెయ్యలేదు, ఇక్కడ రాసేదంతా బయట అందరికీ తెలిసిన అంకెల మీద నా చదువు మాత్రమే. కానీ మా ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకి ప్రైవేటీకరణ ఖర్చు అంటే ఏంటో చెప్పాలంటే నేను ముందు తీసేది ఈ కేసే, ఎందుకంటే ఇందులో దొంగ ఎవడూ లేకపోయినా నష్టం జరిగింది. కంపెనీ కట్టింది బాగానే కట్టింది, రైళ్లు టైమ్‌కి నడుస్తున్నాయి, స్టేషన్లు శుభ్రంగా ఉన్నాయి. అయినా ఖజానా మీద 15,000 కోట్లు పడ్డాయి. అది ఎలా పడిందో చూడాలి.

మొదటి టెండర్, 2008

చాలామంది ఈ కథ 2010 నుంచి మొదలుపెడతారు గానీ అసలు పాఠం 2008లోనే ఉంది. మామూలుగా మెట్రో అంటే టికెట్ డబ్బుతో కట్టిన ఖర్చు రాదు, అందుకే కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అని కొంత గ్రాంట్ ఇస్తుంది, ఎవరు తక్కువ గ్రాంట్ అడిగితే వాళ్లకే కాంట్రాక్ట్. 2008లో మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం ఏం చేసిందంటే గ్రాంట్ ఒక్క రూపాయి కూడా వద్దు, పైగా కాంట్రాక్ట్ కాలంలో మేమే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు ఇస్తాం అంది. ప్రాజెక్ట్ ఖర్చేమో 12,132 కోట్లు. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి, ప్రభుత్వం కూడా గొప్పగా చెప్పుకుంది.

మా పనిలో ఉన్నవాళ్లకి ఇలాంటి బిడ్ వస్తే సంతోషం కాదు, భయం వెయ్యాలి. ప్రపంచంలో చాలాచోట్ల టికెట్లతో లాభం రాని వ్యాపారంలో ఒకడు ఎదురు డబ్బిస్తానంటున్నాడంటే వాడు చూస్తున్నది టికెట్ వైపు కాదు. మరి దేని వైపు? ప్రాజెక్ట్‌తో పాటు ఇస్తున్న 296 ఎకరాల భూమి వైపు. ఇదే మాట అప్పట్లో ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ప్లానింగ్ కమిషన్‌కి లెటర్ రాసి మరీ చెప్పారు, ఆ డెవలపర్ లైన్లని తన సొంత భూములవైపు పొడిగించుకుని లాభం చేసుకునే ప్రమాదం ఉందని, ముందు ముందు ఇది పెద్ద కుంభకోణం అవుతుందని. ఆయన సంస్థే ఈ ప్రాజెక్ట్‌కి సలహాదారు. ప్రభుత్వం ఆయన మాట వినకపోగా పరువు నష్టం దావా వేస్తామంది, ఢిల్లీ మెట్రో సలహాదారు బాధ్యత నుంచి తప్పుకుంది.

కొన్ని నెలలకే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ లెటర్ రాశారు, ఆ కుటుంబానిదే అయిన మేటాస్‌కి అప్పిచ్చే బ్యాంకు లేకుండా పోయింది, 2009 జులైలో ఒప్పందం రద్దయింది. ఊరు రెండేళ్లు పోగొట్టుకుంది. ఆ రెండేళ్లలో పెరిగిన స్టీలు, సిమెంటు, భూసేకరణ ధరలు ఏ ఆడిట్ రిపోర్టులోనూ ప్రైవేటీకరణ ఖర్చు కింద కనపడవు, కానీ అవి దాని ఖర్చే.

అప్పుడైనా ఆగి, ఇది ప్రభుత్వమే కట్టాల్సిన పనేమో అని ఆలోచించాల్సింది. ఢిల్లీ అప్పటికే అలా కట్టి నడుపుతోంది, చెన్నై కూడా అదే దారిలో మొదలుపెట్టింది. మనవాళ్లు అదే మోడల్‌తో మళ్ళీ టెండర్ పిలిచారు.

రెండో టెండర్‌లో రాసుకున్నది

2010 జులైలో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంట్ అడిగి గెలిచింది, సెప్టెంబర్ 4న అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి. 35 ఏళ్లు, ఇంకో 25 ఏళ్లు పొడిగించుకోవచ్చు. మూడు కారిడార్లు, సుమారు 72 కిలోమీటర్లు. ఎస్‌బీఐ ముందుండి బ్యాంకుల కన్సార్షియం అప్పిచ్చింది. రోడ్డు మధ్యలో స్థలం, ఆస్తుల సేకరణ, కరెంటు తీగలు, నీళ్ల పైపులు మార్చడం అవన్నీ రాష్ట్ర ప్రభుత్వం పని, ఖర్చు కూడా ప్రభుత్వానిదే.

ఇక భూమి. ఈసారి 269 ఎకరాలు కంపెనీ చేతికిచ్చారు, అందులో ఎక్కువ భాగం మియాపూర్, నాగోల్, ఫలక్‌నుమా డిపోల దగ్గర, మిగతా 57 ఎకరాలు స్టేషన్ల పక్కన. మొత్తం మీద 1.85 కోట్ల చదరపు అడుగుల మాల్స్, ఆఫీసులు కట్టుకునే హక్కు. ప్రాజెక్ట్ ఆదాయంలో సగం టికెట్ల మీద, 45 శాతం రియల్ ఎస్టేట్ మీద, 5 శాతం యాడ్స్ మీద వస్తుందని లెక్క.

ఆ 45 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రోజూ ఆఫీసుకెళ్లే మనిషి ఎక్కే రైలు నిలబడాలంటే పంజాగుట్టలో మాల్ షాపులు నిండాలి, హైటెక్ సిటీలో ఆఫీస్ స్పేస్‌కి మంచి అద్దె రావాలి, మార్కెట్ పడకూడదు. ప్రజా రవాణాని రియల్ ఎస్టేట్ మార్కెట్‌కి కట్టేశారు. మార్కెట్ బాగుంటే ఆ లాభం కంపెనీది, బాగోలేకపోతే రైలు ఆపలేం కాబట్టి ఆ నష్టం ఎక్కడికో అక్కడికి వెళ్లి ఆగాలి.

ఎక్కడ తేడా కొట్టింది

అంచనాల్లో 2014 నాటికి రోజుకి 15 లక్షల మంది, 2024 నాటికి 22 లక్షల మంది ఎక్కుతారని రాశారు. మొదటి లైనే మియాపూర్, నాగోల్ మధ్య 2017 నవంబర్‌లో తెరిచారు. 2025లో చూస్తే రోజుకి నాలుగున్నర లక్షలు అటూ ఇటూ. అంచనాకి అసలుకి ఐదింతల తేడా.

ఇక్కడ కంపెనీ తప్పెంత, ప్రభుత్వం తప్పెంత అని రెండు వర్గాలు కొట్టుకుంటుంటాయి. నిజానికి ఆలస్యంలో పెద్ద వాటా ప్రభుత్వానిదే, స్థలాలు టైమ్‌కి ఇవ్వలేదు, రాష్ట్రం విడిపోయాక అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర అలైన్‌మెంట్ మార్చాలని పంచాయితీ నడిచింది, 2014లో కంపెనీ విసిగిపోయి కావాలంటే ప్రాజెక్ట్ మీరే తీసేసుకోండి అని లెటర్ రాసేదాకా వెళ్లింది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు ఆగిపోయింది, అందుకే 69 కిలోమీటర్లే నడుస్తోంది, మెట్రో అవసరం బాగా ఉన్న పాతబస్తీకి మెట్రో లేదు. జేబీఎస్, ఎంజీబీఎస్ లైన్ 2020 ఫిబ్రవరి 7న తెరిచారు, నెలన్నర తిరక్కముందే కరోనా వచ్చి సెప్టెంబర్ దాకా అంతా బంద్.

ప్రభుత్వం కట్టి ఉంటే ఇంకా లేటయ్యేది అనేవాళ్లకి నా జవాబు ఇదే. లేటైన పనులన్నీ ప్రైవేటుకి ఇచ్చినా ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయిన పనులు. భూసేకరణ ఏ మోడల్‌లోనైనా కలెక్టర్ ఆఫీసే చెయ్యాలి. పీపీపీ వల్ల ఆ పని తగ్గలేదు, ఆలస్యం అయిన ప్రతి నెలకీ పరిహారం అడిగే పార్టీ ఒకటి అదనంగా వచ్చింది అంతే.

కంపెనీ నష్టాలు 2020-21లో సుమారు 1,767 కోట్లు, తర్వాతి ఏడాది 1,746, ఆ తర్వాత 1,316, 2023-24లో 555, 2024-25లో 626 కోట్లు. ఐదేళ్లలోనే ఆరు వేల కోట్లు. రైళ్లు నడపడంలో పోయిందా అంటే కాదు, నడిపే ఖర్చు టికెట్లు, అద్దెలతో దాదాపు గట్టెక్కుతుంది. పోయింది వడ్డీ దగ్గర.

వడ్డీ లెక్క

ఈ కేసులో నేను అందరికన్నా ముందు చూపించేది ఈ చిన్న లెక్కే, దీనికి ఏ మోడలూ అక్కర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 13,000 కోట్ల అప్పు, వడ్డీ ఎనిమిది శాతం అనుకుందాం. ఏడాదికి 1,040 కోట్లు. 365తో భాగిస్తే రోజుకి 2 కోట్ల 85 లక్షలు. దాన్ని నాలుగున్నర లక్షల ప్రయాణాలకి పంచితే ఒక్కో ప్రయాణానికి 63 రూపాయలు. అసలు తీర్చడం కాదు, రైలు నడిపే ఖర్చు కాదు, ఉత్త వడ్డీ. హైదరాబాద్ మెట్రోలో ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లినా గరిష్ఠ టికెట్ 69 రూపాయలు.

ఇప్పుడు అదే అప్పు రెండు శాతానికి తెచ్చి ఉంటే? ఏడాదికి 260 కోట్లు, ప్రయాణానికి 16 రూపాయల లోపు. ఇది ఊహ కాదు, ఢిల్లీ మెట్రో మొదటి దశ ఖర్చులో దాదాపు 60 శాతం జపాన్ సంస్థ నుంచి ఇలాంటి తక్కువ వడ్డీకి, 30 ఏళ్ల గడువుకే వచ్చింది, చెన్నైకి కూడా అలాగే వచ్చింది. యెన్ రేటు పెరిగితే భారం పెరుగుతుంది నిజమే, ఆ రిస్క్ ఉంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. అది వేసుకున్నా రెండింటి మధ్య ఉన్న దూరం పూడదు. ఆ అప్పు దేశ ప్రభుత్వం హామీ మీద వస్తుంది, ప్రైవేటు కంపెనీ ఎంత పెద్దదైనా ఆ రేటుకి అప్పు పుట్టదు. మెట్రో లాంటి ప్రాజెక్టులో ఖర్చంతా ముందే పెట్టాలి, రాబడి ముప్పై నలభై ఏళ్లు మెల్లగా వస్తుంది, అలాంటప్పుడు ప్రాజెక్ట్ బతుకుతుందా లేదా తేల్చేది ఎవరు బాగా మేనేజ్ చేస్తారన్నది కాదు, ఎవరికి ఏ వడ్డీకి అప్పు పుడుతుందన్నది. ప్రైవేటు సామర్థ్యం వల్ల నడిపే ఖర్చులో పది పదిహేను శాతం మిగిల్చారనే అనుకుందాం, ఆరు శాతం వడ్డీ తేడా ముందు అది ఎక్కడా కనపడదు.

2021లో కంపెనీ బాండ్లు అమ్మి పాత బ్యాంకు అప్పు తీర్చి వడ్డీ తగ్గించుకుంది, ప్రభుత్వం తక్కువ వడ్డీకి సాఫ్ట్ లోన్ ఇస్తానని మాటిచ్చి కొంత ఇచ్చింది కూడా. అప్పటికే అప్పు తడిసి మోపెడైంది.

అప్పిచ్చినవాడికి ఏమైంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. పీపీపీని సమర్థించేవాళ్లు చెప్పే పెద్ద కారణం రిస్క్ ట్రాన్స్‌ఫర్, అంటే జనం ఎక్కకపోతే ఆ నష్టం ప్రైవేటువాడిది, ప్రభుత్వానికి సంబంధం లేదు అని. సరే, ఈ కేసులో ఎవరెంత పోగొట్టుకున్నారో వరసగా చూడండి. కంపెనీ ఈక్విటీ, అంటే సొంత డబ్బు పెట్టుబడి సుమారు 5,900 కోట్లు అంటున్నారు, చేతికొచ్చేది 2,000 కోట్ల దాకా, అంటే వాళ్లు బాగానే పోగొట్టుకున్నారు. ప్రయాణికుడికి 2025 మేలో ఛార్జీ పెరిగింది. ఖజానాకి 13,000 కోట్ల అప్పు వచ్చింది. అప్పిచ్చినవాళ్లకి? ఒక్క రూపాయి పోలేదు. రోజుకి 15 లక్షల మంది ఎక్కుతారన్న అంచనా నమ్మి అప్పిచ్చారు, ఆ అంచనాలో మూడో వంతు కూడా రాలేదు, అయినా వాళ్ల అసలు, వడ్డీ భద్రం.

ఇది అనుకోకుండా జరిగింది కాదు, మన పీపీపీ ఒప్పందాల డిజైన్‌లోనే ఉంది. ప్లానింగ్ కమిషన్ తయారుచేసిన మోడల్ కన్సెషన్ అగ్రిమెంట్ తీసి టర్మినేషన్ పేమెంట్, అంటే మధ్యలో రద్దయితే ఎవరెంత కట్టాలనే చాప్టర్ చదవండి. కంపెనీ తప్పు వల్ల ఒప్పందం రద్దయినా ప్రభుత్వం బాకీ ఉన్న అప్పులో 90 శాతం కట్టాలి. ప్రభుత్వం తప్పు వల్ల రద్దయితే మొత్తం అప్పు, దాని మీద ఈక్విటీకి ఒకటిన్నర రెట్లు. అంటే బ్యాంకులో అప్పు ఫారం మీద తోడల్లుడి పక్కన హామీ సంతకం పెట్టినట్టు, వాడు వ్యాపారం ఎలా చేసినా చివరికి బ్యాంకువాడు వచ్చేది మన ఇంటికే.

దీనివల్ల వచ్చే చెడు డబ్బు పోవడం ఒక్కటే కాదు. ట్రాఫిక్ అంచనా నిజమా కాదా అని గట్టిగా పరీక్షించాల్సింది ఎవరు? డబ్బిచ్చేవాడు. వాడికి ఎలాగూ తన డబ్బు వెనక్కి వస్తుందని తెలిస్తే ఎందుకు పరీక్షిస్తాడు? బిడ్డర్‌కి పెద్ద అంకె కావాలి గెలవడానికి, ప్రభుత్వానికి పెద్ద అంకె కావాలి ప్రాజెక్ట్ బాగుందని చెప్పుకోవడానికి, కన్సల్టెంట్‌కి తర్వాతి పని కావాలి. ఆ 15 లక్షల అంకె అబద్ధం అయితే నష్టపోయేవాళ్లు, అంటే ప్రయాణికులు, పన్ను కట్టేవాళ్లు, ఆ గదిలో లేరు. నేను కూర్చున్న మీటింగుల్లో కూడా ఎక్కువసార్లు ఇదే చూశాను, ట్రాఫిక్ షీట్ మీద ప్రశ్న అడిగితే బ్యాంకు వైపు వాళ్లు టర్మినేషన్ క్లాజ్ తిరగేసి చూసుకుని అది బాగుందిలే అని ముందుకెళ్లిపోతారు.

వేరే చోట్ల కూడా దారి ఇదే. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైన్ 2011లో రిలయన్స్ ఇన్‌ఫ్రా కంపెనీ నడపడం మొదలుపెట్టింది, 2012లో నిర్మాణంలో లోపాలున్నాయని ఆపేసింది, 2013 జులై 1 నుంచి ఢిల్లీ మెట్రోనే నడుపుకుంటోంది. తర్వాత ఆర్బిట్రేషన్‌లో, అంటే మధ్యవర్తుల దగ్గర, 2017లో 2,782 కోట్లు, వడ్డీ అదనం, ప్రభుత్వ సంస్థే కట్టాలని తీర్పు, సుప్రీంకోర్టు 2021లో దాన్ని సమర్థించింది, చివరికి 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌లో (తుది తీర్పుని మళ్ళీ చూడమని పెట్టే ఆఖరి అర్జీ) అదే సుప్రీంకోర్టు తన తీర్పుని తిరగరాస్తే గానీ బయటపడలేదు. గుర్గావ్ ర్యాపిడ్ మెట్రో దాన్ని నడిపిన ఐఎల్ఎఫ్ఎస్ గ్రూపు కూలిపోయాక 2019 అక్టోబర్‌లో ఢిల్లీ మెట్రో చేతికొచ్చింది, అప్పులో 80 శాతం హర్యానా సంస్థ కట్టాల్సి వచ్చింది. లండన్ అండర్‌గ్రౌండ్‌లో మెట్రోనెట్ అనే ప్రైవేటు కాంట్రాక్టర్ 2007లో చేతులెత్తేసింది, జనం మీద నేరుగా పడ్డ నష్టం 17 కోట్ల నుంచి 41 కోట్ల పౌండ్ల మధ్య ఉంటుందని వాళ్ల నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2009లో తేల్చింది. ఊరు వేరు, కంపెనీ వేరు, దేశం వేరు, చివర్లో లైన్ వచ్చి ఆగేది మాత్రం ప్రభుత్వం దగ్గరే, ఎందుకంటే రైలు ఒక్క రోజు ఆగితే జనం అడిగేది కంపెనీని కాదు.

స్టేషన్ మెట్ల దగ్గర

ఇదంతా పెద్ద అంకెల్లో చెబితే ఎవరికీ తగలదు. నాగోల్ స్టేషన్ దగ్గర పార్కింగ్ తీసుకోండి. ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు నుంచి బండి మీద వచ్చి అక్కడ పెట్టి రైలెక్కి అమీర్‌పేట, హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు వందల్లో ఉంటారు. 2024 ఆగస్టులో నాగోల్, మియాపూర్‌లో ఫ్రీ పార్కింగ్ తీసేసి డబ్బులు కట్టమన్నారు. జనం అక్కడే ధర్నాకి కూర్చున్నారు, అప్పటికి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అంతకు ముందే స్టేషన్ టాయిలెట్లకి కూడా రెండు రూపాయలు, ఐదు రూపాయలు. ఇందులో కంపెనీ దుర్మార్గం వెతకక్కర్లేదు, రోజుకి కోట్లలో వడ్డీ కట్టాల్సిన ఏ ఆపరేటర్ అయినా ఖాళీగా కనపడ్డ ప్రతి గజం మీదా ఎంతొస్తుందా అనే చూస్తాడు. ప్రజా రవాణా చూసే కన్ను వేరే, ఫ్రీ పార్కింగ్ ఇస్తే ఒక బండి ఉప్పల్ రోడ్డు మీదికి రాదు కదా, సిగ్నల్ దగ్గర ఆ పొగ తగ్గుతుంది కదా అని చూస్తుంది. ఆ లాభం ఊరికి వస్తుంది, కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోకి రాదు.

బోగీల సంగతి ఇంకా కష్టం. 57 రైళ్లు, ఒక్కోదానికి మూడు బోగీలు. ప్లాట్‌ఫారాలు ఆరు బోగీలకి సరిపడా కట్టారు. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో కింద లైన్ నుంచి పై లైన్‌కి మారేవాళ్లని చూస్తే తెలుస్తుంది, ఒక రైలు వదిలేసి రెండోదానికి కూడా ఎక్కలేనివాళ్లు ఉంటారు, ఎదురుగా ఖాళీ ప్లాట్‌ఫారం సగం అలాగే ఉంటుంది. ఇంకో మూడు బోగీలు తగిలించాలంటే కొత్త పెట్టుబడి కావాలి, నష్టాల్లో ఉండి బయటికెళ్లాలని చూస్తున్న కంపెనీ ఎందుకు పెడుతుంది? ప్రైవేటీకరణ ఒప్పందాల్లో ఆఖరి ఐదారేళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, రిపేర్లు జరుగుతాయి, విస్తరణ జరగదు.

ఛార్జీల విషయం కూడా చెప్పాలి. 2002 నాటి మెట్రో రైల్వే చట్టం ప్రకారం మొదటి ఛార్జీ మెట్రో నడిపే సంస్థే పెట్టుకోవచ్చు, తర్వాత పెంచాలంటే ఫేర్ ఫిక్సేషన్ కమిటీ, దాని సిఫార్సుకి కట్టుబడాలి. 2025 మే 17న కనీసం 12, గరిష్ఠం 75 చేశారు, జనం గొడవ చేశాక పది శాతం తగ్గించి 11, 69 చేశారు. హైదరాబాద్ ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు ఎవరికీ ఇందులో మాట లేదు.

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక దాని దెబ్బ మెట్రో మీద పడిందని కంపెనీ పెద్దలు బహిరంగంగానే అన్నారు. వాళ్ల కోణంలో అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆలోచించండి, ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వం పేద ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చెయ్యాలా వద్దా అనేది అసెంబ్లీలో తేలాల్సిన విషయం, అది 2010లో రాసిన ఒక కాంట్రాక్ట్‌కి నష్టం అనే లెక్కలోకి వచ్చేసింది. బస్సు, మెట్రో రెండూ ఒకే సంస్థ కింద ఉంటే ఒకచోట తగ్గింది ఇంకోచోట సర్దుకునేది, ఒకే పాస్ మీద రెండూ తిప్పొచ్చు. విడదీసి అమ్మినప్పుడు రెండూ పోటీదారులయ్యాయి.

ఇప్పుడు చూడాల్సినవి

ప్రభుత్వం తీసుకుంటోంది కాబట్టి కథ అయిపోయిందని అనుకుంటున్నారు చాలామంది, నాకు అలా అనిపించట్లేదు. అసలు కేంద్రం రెండో దశకి, అంటే సుమారు 76 కిలోమీటర్లు, 24,269 కోట్లకి, మొదటి దశతో కలిపి నడిపే ఒప్పందం అడగడం, కంపెనీ అందులో భాగం కానని అనడం వల్లే ఈ టేకోవర్ ఇంత తొందరగా జరిగింది. తొందర్లో చేసే కొనుగోళ్లలో కొనేవాడి బేరం ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది.

నేను ప్రభుత్వం వైపు కూర్చుని ఉంటే ముందు అడిగేది 269 ఎకరాల లీజుల జాబితా. ఇన్నేళ్లలో ఏ స్థలం, ఏ బిల్డింగ్, ఎవరికి, ఎన్నేళ్లకి, ఎంతకి ఇచ్చారు, అడ్వాన్సులు ఎంత తీసుకున్నారు, అవి ఎక్కడ ఖర్చయ్యాయి. లైన్ వెనక్కి వచ్చి దాని ఆదాయం తెచ్చే స్థలాలు దశాబ్దాల పాటు వేరేవాళ్ల చేతిలో ఉండిపోతే ప్రభుత్వం కొన్నది అప్పు మాత్రమే అవుతుంది. రెండోది వాల్యుయేషన్ రిపోర్ట్ మొత్తం బయటపెట్టాలి, 2,000 కోట్లు ఎలా వచ్చిందో ఆ లెక్కతో సహా. ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) విషయంలో ఏం జరిగిందో చూశాం కదా, 2023లో 158 కిలోమీటర్ల రింగ్ రోడ్డు టోల్‌ని 30 ఏళ్లకి 7,380 కోట్లకి ఐఆర్‌బీ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చేశారు, కనీస ధర ఎలా పెట్టారన్న గొడవ ప్రభుత్వం మారాక కూడా తెగలేదు, కొత్త ప్రభుత్వం విచారణకి ఆదేశించాల్సి వచ్చింది. అప్పుడే లెక్క జనం ముందు పెట్టి ఉంటే ఆ విచారణ అవసరమే ఉండేది కాదు.

మూడోది ఈ 13,000 కోట్ల అప్పుని అలాగే మార్కెట్ వడ్డీకి మోయకూడదు. ప్రభుత్వ హామీతో తక్కువ వడ్డీకి, ఎక్కువ గడువుకి మార్చుకోగలిగితేనే టేకోవర్‌కి అర్థం, పైన వేసిన 63 రూపాయలు, 16 రూపాయల లెక్క ఇప్పటికీ అలాగే వర్తిస్తుంది. రేపు ఇంకో ప్రైవేట్ ఆపరేటర్‌ని తెచ్చినా తప్పులేదు, కిలోమీటర్‌కి ఇంత అని ఇచ్చి రైళ్లు నడిపించుకోవచ్చు, మెయింటెనెన్స్ చేయించుకోవచ్చు, ఆ పని వాళ్లు బాగా చేస్తారు. అప్పు, భూమి, ఛార్జీ ఈ మూడూ మాత్రం చేతులు మారకూడదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఏ పీపీపీ ఫైల్‌లోనైనా, నీళ్లు కానీ బస్టాండ్ కానీ ఆసుపత్రి కానీ, నేను మొదటి పేజీ చదవను. టర్మినేషన్ పేమెంట్ చాప్టర్‌కి వెళ్లి, అంచనాలో మూడో వంతే ఆదాయం వచ్చి పదేళ్లకే కంపెనీ వెళ్లిపోతే ప్రభుత్వం ఎంత కట్టాలో లెక్కేసి, ఆ అంకెని కౌన్సిల్ ముందు పెట్టే నోట్‌లో పైన రాయమంటాను. అప్పిచ్చేవాళ్లు కూడా కనీసం పాతిక శాతం నష్టం మొయ్యాలని క్లాజ్ పెట్టమంటాను. అది పెట్టగానే ట్రాఫిక్ అంచనా దానంతట అదే కిందికి దిగుతుంది, కొన్నిసార్లు బిడ్డర్లు అసలు రారు. రాకపోతే ఆ ప్రాజెక్ట్ ప్రైవేటుకి సరిపోదని అప్పుడే తెలిసిపోతుంది, పదిహేనేళ్లు ఆగక్కర్లేదు.

హైదరాబాద్ విషయానికొస్తే టేకోవర్ కాగితాల్లో నేను వెతికే లైన్ ఇంకొకటుంది. ఆ 57 రైళ్లకి మిగతా బోగీల ఆర్డర్ ఏ నెలలో పెడతారు, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, పాతబస్తీ ఐదున్నర కిలోమీటర్లకి తేదీ ఏంటి. అది రాసి ఉంటే ఈ 15,000 కోట్లకి ప్రయాణికుడికి ఏమొస్తుందో చెప్పొచ్చు.